నూటికి నూరు హాజరు

టైలరమ్మ ముప్ఫై రెండేళ్ళు కుట్టుమిషను తొక్కింది. అంత తొక్కుడూ రోడ్డు మీద తొక్కి ఉంటే ఈపాటికి ఏ సముద్రపు ఒడ్డుకో చేరి ఉండేది. కాని మిషను తొక్కితే బట్ట ముందుకు పోతుంది, మనిషి పోదు. ఎన్ని స్కూలు యూనిఫారాలు, ఎన్ని కాలర్లు, ఎన్ని జేబులు ఆ సూది కిందనించి సాగిపోయాయో లెక్క లేదు. ఆవిడ మాత్రం ఆ కిటికీ పక్కన, ఆ స్టూలు మీద, అలాగే ఉండిపోయింది. అరవై మూడో ఏట ఒకనాడు స్టూలు మీంచి లేవబోతే మోకాళ్ళు మొండికేశాయి. బల్ల పట్టుకుని, గోడ పట్టుకుని, చివరికి దేవుణ్ణి పట్టుకుని లేచింది.

డాక్టరు మోకాళ్ళ ఫొటోలు తీయించి, వెలుతురుకి పెట్టి చూసి, "నడవండి" అన్నాడు.

"మందులేవీ లేవా?"

"ఇదే మందు. రోజూ ఒక గంట."

డాక్టరు చెప్పాడన్న ఒక్క కారణానికే అయితే ఆవిడ కదిలేది కాదు. ఉప్పు తగ్గించమని పదేళ్ళ కిందట ఇదే డాక్టరు చెప్పిన మాట ఇంకా పరిశీలనలోనే ఉంది. అసలు సంగతి అక్క.

అక్క రెండు బస్టాపుల అవతల, నాలుగో అంతస్తులో, కొడుకు దగ్గర ఉంటుంది. ఆ బిల్డింగు కట్టినవాడు లిఫ్టు కోసం గొయ్యి వదిలాడు గాని లిఫ్టు పెట్టలేదు. ఆ గోతిలో ఇప్పుడు విరిగిన మంచాలు, ఎవరివో సైకిళ్ళు ఉంటాయి. అంతస్తుకి పద్దెనిమిది చొప్పున మెట్లు మొత్తం డెబ్బై రెండు. తుంటి విరిగినప్పటినించి రెండేళ్ళుగా అక్క కిందికి దిగలేదు. మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పటినించి రెండేళ్ళుగా చెల్లెలు పైకి ఎక్కలేదు. ఆదివారం ఆదివారం చెల్లెలు కింద రోడ్డు మీద ఎర్ర గొడుగు వేసుకుని నిలబడేది, అక్క బాల్కనీలోంచి చెయ్యి ఊపేది. మిగతా మాటలన్నీ ఫోన్లో.

ఈ మధ్య అక్కకి చూపు కూడా తగ్గిపోతూ వచ్చింది. ఎడమ కన్ను ఎప్పుడో సెలవు పుచ్చుకుంది. కుడి కన్ను ఈ ఏడాది దాటడం కష్టమని కళ్ళ డాక్టరు కొడుకుతో చెప్పాడు. గుసగుసగానే చెప్పాడుగాని, అక్కకి చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి.

"ఉన్న కన్ను ఉండగా ఒక్కసారి దగ్గర్నించి కనపడవే," అంది ఫోన్లో. "పైనించి చూస్తే నువ్వు ఎర్రటి గొడుగువి, అంతే. గొడుగు కింద ఎవరున్నారో నాకేం తెలుసు?"

"ఫోన్లో బొమ్మ కనపడుతుంది కదే అక్కా."

"ఆ అరచేతిలో పలకలో నువ్వెవరో, నీ వెనక గోడ ఎవరో నాకు తెలీడం లేదు."

అక్క కొడుకు మంచివాడే. పిన్నిని కుర్చీలో కూచోబెట్టి ఇంకొకరి సాయంతో మోసుకెళ్తానన్నాడు.

"నన్నేమన్నా బీరువా అనుకున్నావురా?" అని పిన్ని కసిరింది. "నా కాళ్ళతో నేనే ఎక్కుతా. కాస్త టైమివ్వు."

టైము ఇవ్వాల్సింది వాడు కాదని, అక్క కుడి కన్నని ఇద్దరికీ తెలుసు.

నడక సంఘం సంగతి ఆవిడకి ఒక ప్యాంటు ద్వారా తెలిసింది. రిటైరైన హెడ్ నర్సు ఒకావిడ పాత ప్యాంటు తెచ్చి, "నడుం దగ్గర బిగించాలి టైలరమ్మా, వదులైపోయింది," అంది. మనుషులు సన్నబడ్డామని చెప్పుకుంటే టైలరమ్మ నమ్మదు. ఊపిరి బిగబట్టి కొలతలిచ్చినవాళ్ళని ఎంతమందిని చూడలేదు! కాని టేపుని నమ్ముతుంది. టేపు పెట్టి చూస్తే పోయినసారి కొలతకి నాలుగంగుళాలు తక్కువ. రెండోసారి పెట్టి చూసింది. అదే నాలుగు.

"ఏం చేశారు?" అంది, గుండుసూదులు నోట్లో పెట్టుకునే.

"నడిచాను. రేపు ఆరింటికి పార్కు గేటు దగ్గరికి రండి."

మర్నాడు టైలరమ్మ తొమ్మిదో మనిషిగా చేరింది. ముందు నర్సమ్మ, చేతులు ఊపుకుంటూ. వెనక హాజరు పుస్తకం చంకన పెట్టుకుని లెక్కల మాస్టారు. ఆయన వెనక కళ్ళజోళ్ళ షాపాయన, ఇంకా ఐదుగురు. అందరూ అరవై దాటినవాళ్ళే, అందరికీ ఏదో ఒక కీలు అరిగినదే. ఎవరికీ తొందర లేదు. ఒకరు ఆగితే అందరూ ఆగేవారు. చెప్పుల్లో రాయి పడితే తొమ్మిది మందీ కలిసి ఆ రాయిని చూసేవారు. ఆదివారం తప్ప రోజూ నడకే.

సంఘానికి ఒకే ఒక నియమం. ఎవరైనా రాకపోతే ఆ రోజు నడక ఆ మనిషి ఇంటికే. దీనికో కథ ఉంది. పోయినేడు కళ్ళజోళ్ళ షాపాయన రెండు రోజులు రాలేదు. బద్ధకించాడనుకుని అందరూ జోకులేసుకున్నారు. ఒంటిగా ఉండే మనిషి బాత్రూంలో జారిపడి, సాయంత్రం దాకా నేలమీదే ఉన్నాడని తర్వాత తెలిసింది. అప్పటినించి నర్సమ్మ ఒట్టు పెట్టుకుంది. రాని మనిషి గుమ్మం ముందుకి సంఘం మొత్తం వెళ్ళి, మనిషిని కళ్ళారా చూసిగాని తిరిగిరాదు.

ఎంత మంచి నియమం! దాని మీద ఎవరు మాత్రం ఏమనగలరు?

మొదటి రెండు నెలలూ నియమంతో పని పడలేదు. టైలరమ్మ రోజూ వెళ్ళింది. ఆదివారాలు మాత్రం అక్క వాళ్ళ బిల్డింగుకి వెళ్ళి పరీక్ష రాసుకునేది. మొదటి ఆదివారం నాలుగుసార్లు ఆగి పద్దెనిమిది మెట్లెక్కి, మొదటి అంతస్తులో కూలబడి, "అక్కా!" అని కేకేసింది.

పైన తలుపు తెరుచుకుంది. "ఎక్కడే?"

"మొదటి అంతస్తు."

"నూతిలోంచి పిలిచినట్టుంది. దిగు, దిగు, మళ్ళీ వారం చూద్దాం."

ఐదో వారానికి రెండో అంతస్తు. ఎనిమిదో వారానికి ఇంకో తొమ్మిది మెట్లు, మొత్తం నలభై ఐదు. "గొంతు దగ్గరకొచ్చిందే," అంది అక్క పైనించి. "పక్కింట్లోంచి పిలిచినట్టుంది." టైలరమ్మ రెయిలింగు పట్టుకుని రొప్పుతూ నవ్వింది. ఇంకో నెల చాలు అనుకుంది. ఇరవై ఏడు మెట్లు ఎంతసేపు?

సరిగ్గా అప్పుడు భర్తగారికి కళ్ళు తిరిగాయి.

ఆయన బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు వెనక ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశారు. ఏ బస్సు, ఎన్నింటికి, ఏ ప్లాట్‌ఫారం, మధ్యలో భోజనానికి ఆగుతుందా లేదా — పొద్దున్నించి సాయంత్రం దాకా జనం వరసలో నిలబడి ఆయన్ని అడిగేవారు. రిటైరైన మర్నాటినించి ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. మొదట్లో అడగకుండానే చెప్పేవారు. "ఇవాళ పేపరు ఏడు నిమిషాలు లేటు," అనేవారు గోడతో. తర్వాత అదీ మానేశారు. గడ్డం మూడు రోజులకోసారి గీసుకునేవారు. కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూచునేవారు.

ఆ పొద్దున ఆయనకి కళ్ళు నిజంగానే తిరిగాయి. మంచం మీంచి లేచి మళ్ళీ మంచం మీదే పడ్డారు. టైలరమ్మ నడకకి వెళ్ళలేదు. ఆరూ ఇరవై ఐదుకల్లా గేటు ముందు ఎనిమిది మంది.

"ఏమైంది టైలరమ్మా? బాగానే ఉన్నారా?"

"నాకేం, రాయిలా ఉన్నా. ఈయనకే."

నర్సమ్మ లోపలికొచ్చి ఆయన నాడి పట్టుకుంది. "ఎలా మొదలైంది అన్నయ్యగారూ?"

ప్రశ్న! వెనక వరసలో ఇంకా ఏడుగురు మనుషులు! భర్తగారు దిండుకి ఆనుకుని, గొంతు సవరించుకుని, మొదలెట్టారు. కళ్ళు తిరగడంతో మొదలై, ఉద్యోగంలో చేరిన రోజుకి వెళ్ళి, ఒకసారి వరదల్లో పదహారు బస్సులు దారి మళ్ళించిన వైనం దాకా నలభై నిమిషాలు పట్టింది. మంచి మాటకారి, మాట్లాడిన మాట విసుగనిపించదు. టైలరమ్మ ఎనిమిది మందికీ టీ పెట్టింది. ఇంట్లో ఉన్నవి ఆరు కప్పులు. రెండు గ్లాసులు కలిపింది.

బుధవారం ఆయనకి కడుపులో మంట. శుక్రవారం నడుం. మళ్ళీ సోమవారం ఎడమ చెవిలో హోరు. రోగం రోజు విడిచి రోజు రావడం, ఆరూ ఇరవై ఐదుకి తగ్గిపోవడం టైలరమ్మ గమనించకపోలేదు. ఆ రోజుల్లో ఆయన రోగం రాకముందే లేచి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మంచమెక్కేవారు.

రెండో వారానికల్లా రోగంతో అవసరం తీరిపోయింది. సంఘానికి ఆ ఇల్లు నచ్చేసింది. నచ్చినది టీ అని టైలరమ్మ అనుకుంది, వరదల్లో బస్సులని భర్తగారు అనుకున్నారు. అసలు కారణం కళ్ళజోళ్ళ షాపాయన నోటివెంట వచ్చింది: "ఈ దారిలో బాత్రూం ఉన్న చోటు ఇదొక్కటే తల్లీ." అరవై దాటిన ఎనిమిది మందికి గంట నడకలో అది చిన్న విషయం కాదు. నర్సమ్మ దారి మార్చేసింది. పార్కు గేటు నించి టైలరమ్మ ఇల్లు, అక్కడ విశ్రాంతి, తిరిగి పార్కు.

"మీరు పార్కు దాకా వచ్చి మళ్ళీ మాతో మీ ఇంటికే రావడం ఎందుకమ్మా?" అంది నర్సమ్మ, ఎంతో ఆప్యాయంగా. "మోకాళ్ళ నొప్పుల మనిషి. ఇక్కడే ఉండండి, మేమే వస్తాం."

"అయితే తిరిగి వెళ్ళేటప్పుడు నేనూ వస్తాను."

"కప్పులు ఎవరు కడుగుతారోయ్?" అన్నారు భర్తగారు లోపల్నించి. అందరూ నవ్వారు. నవ్వించడానికే అన్నారు. కాని కప్పులు నిజంగానే అక్కడున్నాయి.

"మరి నా హాజరు?" అంది టైలరమ్మ, ఆఖరి ప్రయత్నంగా.

లెక్కల మాస్టారు పుస్తకం తెరిచి చూపించారు. "వేసేశానమ్మా. మీరు మా దగ్గరికి వచ్చినా, మేం మీ దగ్గరికి వచ్చినా దూరం ఒకటే కదా!"

లెక్కల మాస్టారితో లెక్కల దగ్గర వాదించడం ఎలా?

అలా నడక సంఘంలో టైలరమ్మ నడక ఆగిపోయింది. పొద్దున్నే ఐదున్నరకి లేచి పాలు కాచడం, కుర్చీలు సర్దడం, బాత్రూంలో తువ్వాలు మార్చడం, ఆరూ ఇరవై ఐదుకి టీ, ఏడున్నరకి కప్పులు. అప్పటికి ఎండ ఎక్కేది, కాలరు కుట్టించుకునేవాళ్ళు వచ్చేసేవారు. ఒంటిగా నడుద్దామంటే ఏ వేళకీ వీలు కుదరలేదు. ఒకరోజు భర్తగారు బజారునించి పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చారు. అందులో కొత్త కప్పులు, డజను. నీలంరంగు అంచు. టైలరమ్మ వాటిని లెక్కపెట్టి చూసింది. ఆరు కప్పులు, రెండు గ్లాసులు అంటే ఏదో సర్దుబాటు. డజను అంటే శాశ్వతం.

ఆదివారాల పరీక్షలో మార్కులు తగ్గడం మొదలైంది. నలభై ఐదు నించి ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరు నించి ముప్ఫై.

"గొంతు దూరమైందేమే?" అంది అక్క పైనించి.

"జలుబు చేసింది."

"జలుబు చేస్తే గొంతు బొంగురుపోతుంది గాని కిందకి దిగుతుందా?"

ఆ సాయంత్రం ఆవిడ భర్తతో చెప్పేసింది. "ఏమండీ, రేపటినించి నేను వాళ్ళతో నడుస్తా. టీ మీరు పెట్టండి."

"నేనా? పంచదార డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలీదే!"

"అడగండి, చెప్తా. నేనూ ఒక ఎంక్వయిరీ కౌంటరు పెట్టుకుంటా."

ఆయన నవ్వలేదు. "వాళ్ళు నా కోసం వస్తున్నారనుకున్నా," అన్నారు నెమ్మదిగా. "నీ కోసమే కాబోలు. నువ్వు లేకపోతే ఎవరొస్తారులే." మర్నాడు గడ్డం గీసుకోలేదు. కుర్చీ గోడ వైపు తిరిగింది. ఆ వీపు చూసి టైలరమ్మ ఐదున్నరకి పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. డాక్టరు మొన్ననే ఆయనకి బీపీ దిగిందని, ఇదేం మహిమ అని అడిగాడు కూడా. మొగుడి బీపీ తన కాళ్ళ మీద నిలబడి ఉంది. కాళ్ళు కదిపితే అది పడిపోతుంది.

ఇక నర్సమ్మని పక్కకి పిలిచింది. "నాకు నడవాలని ఉందండీ. మా అక్క ఇంటి మెట్లెక్కాలి."

నర్సమ్మ ఆవిడ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. "మీలాంటి మనసు ఎవరికుంటుందమ్మా! మీ వల్లే సంఘం నిలబడింది. మీ అక్కగారికి ఏమన్నా కావాలంటే చెప్పండి, ఎనిమిది మందిమీ వెళ్ళి చూసొస్తాం."

అక్కని సంఘం అంతా చూసొస్తుంది, తనొక్కతి తప్ప! టైలరమ్మ చేతిలోని గరిట వైపు చూసుకుని లోపలికి పోయింది. తిట్టేవాళ్ళైతే తిరిగి తిట్టొచ్చు. ప్రేమగా చెయ్యి పట్టుకున్నవాళ్ళ నించి చెయ్యి ఎలా లాక్కోవాలో అరవై మూడేళ్ళలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఇరవై మెట్లకే కాలు లేవలేదు. దిగిపోయి, రోడ్డు మీద నిలబడి, ఎర్ర గొడుగు తెరిచింది. అక్క బాల్కనీలోకి వచ్చింది. టైలరమ్మ గొడుగు ఊపింది. అక్క చెయ్యి ఊపింది, కాని ఇటు కాదు. రోడ్డుకి అవతల, ఎర్ర సంచీ పట్టుకుని బస్సు కోసం నిలబడ్డ ఎవరో ఆడమనిషి వైపు. ఆ మనిషి పాపం కంగారు పడి, అటూ ఇటూ చూసి, మర్యాద కోసం తనూ చెయ్యి ఊపింది. అక్క మొహం వెలిగిపోయింది. చాలాసేపు ఊపింది.

టైలరమ్మ గొడుగు ముడిచేసి, బస్సెక్కి ఇంటికొచ్చింది. ఆ రాత్రి అక్క ఫోన్లో, "ఇవాళ బాగా కనపడ్డావే," అంటే "ఊఁ" అంది.

శనివారం వచ్చింది. ఆరూ ఇరవై ఐదుకి సంఘం మామూలుగా రాలేదు, చప్పట్లు కొట్టుకుంటూ వచ్చింది. లెక్కల మాస్టారి చేతిలో రంగు కాయితం చుట్టిన పెద్ద పొట్లం. అందరూ కుర్చీల్లో సర్దుకున్నాక ఆయన లేచి పుస్తకం తెరిచారు.

"టైలరమ్మగారు చేరినప్పటినించి ఇవాళ్టికి నూరు నడకలు. మనలో నూటికి నూరు హాజరు ఉన్నది ఒక్కరికే. నాకు తొంభై ఆరు. నర్సమ్మగారికి తొంభై తొమ్మిది. టైలరమ్మగారికి నూరు!"

చప్పట్లు. భర్తగారు అందరికంటే గట్టిగా కొట్టారు. అందులో చివరి నలభై నడకలూ ఆవిడ వంటింటికీ హాలుకీ మధ్యే నడిచిందన్న సంగతి ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు.

పొట్లం విప్పితే ట్రే. మంచి బరువైన చెక్క ట్రే, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులు.

"పన్నెండు కప్పులూ ఒక్కసారే పడతాయి," అంది నర్సమ్మ, కళ్ళలో నీళ్ళతో. "మీరు మాకోసం వంటింట్లోకి మూడుసార్లు తిరగడం చూస్తూ నా ప్రాణం ఉసూరుమనేదమ్మా. ఇంక ఆ శ్రమ లేదు. ఒక్కసారి తెస్తే చాలు."

టైలరమ్మ ట్రే వైపు చూసింది. మిగిలిన ఆ మూడు నడకల్లోనూ రెండు తీసేశారు.

"చాలా బాగుంది," అంది. నిజంగానే బాగుంది. చెక్క నున్నగా ఉంది, మూలలు శుభ్రంగా కలిపారు. పనితనం ఆవిడకి తెలుస్తుంది. లోపలికెళ్ళి కప్పుల నిండా టీ పోసి, ట్రేలో పెట్టి తెచ్చి, బల్ల మీద దించింది. భర్తగారు వరదల్లో బస్సుల దగ్గర ఉన్నారు, పదకొండో బస్సు. ఎవరూ తలెత్తలేదు. ఆవిడ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది, పొయ్యి ఆర్పింది, తలుపు వెనకనున్న బూట్లు తొడుక్కుంది. పెరటి గుమ్మంలోంచి బయటికొచ్చి, సందు తిరిగి, బస్టాపుకి నడిచింది.

అక్క వాళ్ళ బిల్డింగులో మొదటి అంతస్తు దాకా రెండుసార్లు ఆగింది. రెండో అంతస్తుకి ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టలేదు. ఒకాయన చెత్తబుట్టతో దిగుతూ, "ఎవరింటికండీ?" అన్నాడు. "పైకి," అంది. అంతకంటే మాట్లాడే ఊపిరి లేదు. ముప్ఫై ఎనిమిదో మెట్టు మీద గోడకి చేరగిలబడి ఉండగా ఫోను మోగింది.

"ఎక్కడున్నావు?" భర్తగారు.

"మెట్ల మీద."

"ఏ మెట్లు? ఎందుకెళ్ళావు? ఎప్పుడొస్తావు?"

ఇన్నేళ్ళలో ఆయన ఆవిణ్ణి వరసగా ఇన్ని ప్రశ్నలు అడగడం ఇదే మొదలు. ఆవిడకి జవాబు చెప్పడం సరదాగా ఉంది. "అక్క ఇంటి మెట్లు. అక్కని చూడ్డానికి. ఎప్పుడో తెలీదు."

ఫోను నర్సమ్మ చేతిలోకి మారింది. "ఇదేంటమ్మా చెప్పాపెట్టకుండా! ఒంట్లో బాగుందా? నియమం నియమమే, మేం అందరం అక్కడికే బయల్దేరుతున్నాం."

"రండి. నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు."

వెనకనించి కళ్ళజోళ్ళ షాపాయన గొంతు: "మధ్యలో బాత్రూం ఉందేమో అడగండి."

తర్వాత లెక్కల మాస్టారు. "అమ్మా, చిక్కొచ్చింది. మేం మీ ఇంట్లోనే ఉన్నాం. మీరు లేరు. హాజరు వెయ్యమంటారా, వద్దా? నూరూ పాడవుతుంది."

"గైర్హాజరు వెయ్యండి మాస్టారూ," అంది టైలరమ్మ. "చిక్కగా, కనపడేట్టు వెయ్యండి."

ఫోను సంచీలో పడేసింది. ముప్ఫై తొమ్మిది. నలభై. నలభై నాలుగు దగ్గర కుడి మోకాలు కటుక్కుమంది. నలభై తొమ్మిది దగ్గర రెండూ బిగుసుకుపోయాయి. పైకి కాలు లేవదు. కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి. దిగడం ఎక్కడంకంటే కష్టమని అప్పుడు తెలిసింది. పైన ఇరవై మూడు, కింద నలభై తొమ్మిది. మధ్యలో తను, ఎవరో గోడకి కొట్టిన మేకులా.

"అక్కా!"

తలుపు చప్పుడు. చేతికర్ర టకటక. "ఎక్కడే?"

"ఇక్కడే. నీ కిందే. కాళ్ళు పట్టేశాయి."

"దిగిపో."

"దిగలేను."

"అయితే ఎక్కు."

"ఎక్కలేను."

"నన్నేం చెయ్యమంటావు? నేను దిగితే ఇద్దరం అక్కడే ఉండిపోతాం. కూచో ముందు!"

కూచుంది. మెట్టు చల్లగా ఉంది. రెండు చేతులూ వెనకనున్న మెట్టు మీద ఆనించి, మడమలు తన్ని, ఒంటిని ఎత్తి చూసింది. ఒక మెట్టు పైకి వచ్చి కూచుంది. ఇది మోకాళ్ళ పని కాదు, చేతుల పని. చేతులకి ఏ జబ్బూ లేదు. మళ్ళీ ఎత్తింది. యాభై ఒకటి. చూసేవాళ్ళు ఏమనుకుంటారో అనిపించింది గాని చూసేవాళ్ళు లేరు. ఉన్నా ఆవిడ వాళ్ళకి ఎదురుగానే కూచుని ఉంది, పలకరిస్తే పలుకుతుంది. మూడో అంతస్తు వసారా కూడా అలాగే వెనక్కి జరుగుతూ దాటింది. ఒక తలుపు తెరుచుకుని, ఆవిణ్ణి చూసి, మర్యాదగా మూసుకుంది.

"ఏం చేస్తున్నావే? ఈడుస్తున్న చప్పుడు వస్తోంది."

"వస్తున్నా."

అరవై. బట్టలకి దుమ్ము, అరచేతులు మండుతున్నాయి. ప్రతి మెట్టుకీ కింద వదిలిన మెట్లు మాత్రమే కనపడుతున్నాయి. ఎటు పోతోందో కనపడకుండా పోవడం ఇదే మొదలు. అరవై ఎనిమిది. సంచీలో ఫోను మోగి, ఆగి, మళ్ళీ మోగింది. డెబ్బై. వెనకనించి అక్క ఊపిరి వినపడింది, తర్వాత కొబ్బరినూనె వాసన.

డెబ్బై రెండో మెట్టు మీద కూచునేసరికి ఒక చెయ్యి వచ్చి ఆవిడ నెత్తిని తడిమింది. జుట్టు, చెవి, మెడ, భుజం.

"వీపు పెట్టుకుని వచ్చావేంటే? ఇటు తిరుగు. వెలుతురు కూడా బాగుంది. తిరుగు!"

"ఆగవే," అంది టైలరమ్మ, రొప్పుతూ, కింద డెబ్బై రెండు మెట్ల వైపు చూస్తూ. "నడుం కూడా పట్టేసింది. కాస్త పట్టుకుని తిప్పు."

అక్క కర్ర గోడకి ఆనించి, రెండు చేతులూ చెల్లెలి భుజాల మీద వేసి, తిప్పడం మొదలెట్టింది.